టీకా వికటిస్తే పరిహారం ఎక్కడ అడగాలి? గోదావరి జిల్లాల వాళ్ళకు దారుల పోలిక

"ఎవరి మీద వెయ్యమంటారండీ కేసు?" అంటూనే వస్తారు అందరూ. న్యాయసేవా సంస్థ తరఫున పారా లీగల్ వలంటీరుగా బల్ల ముందు కూర్చునే నేను దానికి జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేస్తాను: "సూదికి డబ్బులు కట్టారా, ఉచితంగా వేశారా?" చాలామందికి ఒళ్ళు మండుతుంది. బిడ్డ మంచాన పడుంటే డబ్బుల లెక్కేమిటంటారు. కానీ సగం దారి ఆ ఒక్క ముక్క మీదే తేలుతుంది. లంక ఊళ్ళో బుధవారం నాడు అంగన్‌వాడీకి వచ్చి నర్సమ్మ ఉచితంగా వేసిన టీకాకు ఒక తలుపు ఉంది. భీమవరంలో ప్రైవేటు పిల్లల డాక్టరుకు బిల్లు కట్టి వేయించిన టీకాకు ఇంకో తలుపు ఉంది. తప్పు తలుపు తడితే రెండేళ్ళు వాయిదాలు తిరిగాక "ఇది మా పరిధిలోది కాదు" అన్న కాగితం చేతికొస్తుంది.

సూది వేసిన రాత్రి జ్వరం, చెయ్యి వాపు, బీసీజీ వేసిన చోట చిన్న పుండు లాంటివి కేసులు కావు. నేను మాట్లాడేది ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చినవి, వైకల్యం మిగిల్చినవి, ప్రాణం తీసినవి. ఇవి చాలా అరుదు. కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టిన కేసులు పది లక్షల డోసులకు 0.61 అని 2021 మే నెలలో టీకా తర్వాతి దుష్ఫలితాలను పరిశీలించే జాతీయ కమిటీ లెక్క చెప్పింది. ఆ ఒక్కటీ మన ఇంట్లో జరిగినప్పుడు మాత్రం ఆ అంకె ఎవరినీ ఓదార్చదు.

ఇంకో సంగతి. కోనసీమలో ఏ ఇంట్లో ఏం జరిగినా రెండో రోజుకల్లా అమెరికా నుంచి ఫోను వస్తుంది, "ఇక్కడ దానికో ఫండ్ ఉంది, అప్లై చేసేయండి" అని. అది నిజమే, కానీ అక్కడ. 1986 చట్టంతో వాళ్ళు డోసుకు 75 సెంట్ల పన్ను వేసి నిధి పెట్టుకున్నారు. తప్పు ఎవరిదో నిరూపించకుండానే అందులోంచి ఇస్తారు. బ్రిటన్‌లో 1979 నుంచి చట్టం ఉంది: 60 శాతం వైకల్యం ఉంటే ఒకేసారి 1,20,000 పౌండ్లు. అన్ని టీకాలకూ వర్తించే అలాంటి చట్టబద్ధమైన నిధి మన దగ్గర లేదు. మనకున్న దారులు వేరే పనులకు పుట్టినవి. వాటిలో మన కాలికి సరిపోయేది ఏరుకోవాలి.

ముందు తేల్చుకోవలసిన నాలుగు సంగతులు

మొదటిది, డబ్బు ఎవరు కట్టారు. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. డబ్బు తీసుకుని చేసిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. వచ్చిన ప్రతివాళ్ళకూ ఉచితంగా చేసే వైద్యం రాదు. పీహెచ్‌సీ టీకా రెండో రకం.

రెండోది, తేడా ఎక్కడ జరిగింది. ఇక్కడ ఒక్క అక్షరం మీద కేసంతా నడుస్తుంది. తీవ్రమైన ఘటన నమోదైతే జిల్లా కమిటీ పరిశీలించి, రాష్ట్ర, జాతీయ కమిటీలు దానికొక వర్గం ఇస్తాయి. 'ఎ' అంటే టీకాతోనో, టీకా వేసిన తీరుతోనో సంబంధం ఉందని. అందులో ఎ1 మందు స్వభావం వల్ల, ఎ2 మందు నాణ్యతా లోపం వల్ల, ఎ3 వేయడంలో పొరపాటు వల్ల, ఎ4 సూదంటే భయం వల్ల. 'బి' అంటే తేల్చలేం. 'సి' అంటే కాకతాళీయం, వేరే జబ్బు. 'డి' అంటే వివరాలు చాలక వర్గీకరించలేకపోయాం అని.

నా బల్ల దగ్గర ఎక్కువగా కనబడేది ఈ 'డి'. కారణం వైద్యం కాదు, కాగితాలు. ప్రాణం పోయిన ఇళ్ళలో పోస్టుమార్టం వద్దంటారు. "పసిదాన్ని కోయిస్తామా" అని ఏడుస్తారు, అది అర్థం కాని మాటా కాదు. సాయంత్రానికల్లా గోదారి ఒడ్డుకు తీసుకెళ్ళిపోతారు. ఆరు నెలల తర్వాత కేసు వేద్దామని వస్తే చెప్పడానికి ఏమీ మిగలదు. ఆ గంటలో ఎవరైనా పెద్దవాళ్ళు పక్కన నిలబడి, పోస్టుమార్టం ఒక్కటే రేపు మాట్లాడే సాక్ష్యమని చెప్పగలిగితే అంతకన్నా మంచి ప్లీడరు ఉండడు.

ఎ1కీ ఎ3కీ తేడా కూడా డబ్బు దగ్గర పెద్దది. మందు స్వభావం వల్లే జరిగితే తప్పు చేసినవాడు అంటూ ఎవరూ దొరకరు. వేసేవాళ్ళ పొరపాటైతే దొరుకుతారు. మీజిల్స్ రూబెల్లా సీసాలో నీళ్ళు కలిపాక నాలుగు గంటలు దాటితే పారబొయ్యాలి. దాటాక వాడితే క్రిములు పెరిగి పిల్లలు గంటల్లో కూలిపోవచ్చు. వేశాక అరగంట కూర్చోబెట్టాలి, అలర్జీతో కుప్పకూలితే ఇవ్వడానికి అడ్రినలిన్ సూది దగ్గర ఉండాలి. 2019లో హైదరాబాదులోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకా బాగానే వేశారు, జ్వరం మాత్ర బదులు ట్రమడాల్ అనే ఘాటైన నొప్పి మాత్ర ఇచ్చారు. పసిబిడ్డల ప్రాణం మీదికి వచ్చింది. టీకాది తప్పు కాదు, చేతిది. ఇలాంటివి నిరూపించడం తేలిక.

మూడోది గడువు. నాలుగోది, మీకు అసలు ఏం కావాలి: ఆస్పత్రి ఖర్చా, జీవితాంతం సాకాల్సిన బిడ్డకు ఆధారమా, లేక "తప్పు మాదే" అన్న మాటా? మూడూ ఒకే చోట దొరకవు.

మొదటి వారంలో సంపాదించాల్సిన కాగితాలు

ఏ దారి పట్టినా ఇవి కావాలి. తల్లీబిడ్డ కార్డు, లేదా టీకా ధ్రువపత్రం. అందులో బ్యాచ్ నంబరు లేకపోతే వేసిన చోట రాయించుకోండి. ఆస్పత్రి కేసు షీటు: రాతపూర్వకంగా అడిగితే డాక్టర్లు 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన ఉంది. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చేతిలో పెడితే సరిపెట్టుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, ఘటన నమోదు చేయించడం. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు కేస్ రిపోర్టింగ్ ఫారం నింపి జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి పంపాలి. ప్రైవేటు డాక్టరైనా పంపవచ్చు. ఎవరూ పంపడం లేదనిపిస్తే ఘాజియాబాదులోని ఫార్మకోపియా కమిషన్ నడిపే హెల్ప్‌లైనుకు, 1800-180-3024కి, మీరే ఫోను చెయ్యవచ్చు. మనుషులు తమంతట తాము ఇలాంటి ఘటనలు చెప్పుకునే ఏర్పాటు ఉండాలని జేకబ్ పులియేల్ కేసులో 2022 మే 2న సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది కూడా. తర్వాత సమాచార హక్కు దరఖాస్తుతో కమిటీ ఏ వర్గం ఇచ్చిందో అడగండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. నేను చూసినంతలో పది రూపాయలకు ఇంత విలువైన కాగితం ఇంకోటి రాదు.

దారులన్నీ ఒక్క చూపులో

| దారి | ఎవరికి సరిపోతుంది | గడువు | ఖర్చు | ఇబ్బంది |
|---|---|---|---|---|
| వినియోగదారుల కమిషన్ | డబ్బు కట్టి వేయించుకున్నవాళ్ళకు | 2 ఏళ్ళు | చాలాసార్లు ఫీజే లేదు | ఉచిత టీకాకు తలుపు మూసి ఉంటుంది |
| పర్మనెంట్ లోక్ అదాలత్ | ఉచితమైనా, డబ్బు కట్టినా. కోటి దాటని వివాదం | త్వరగా వెళ్ళాలి | కోర్టు ఫీజు లేదు | తీర్పుపై అప్పీలు లేదు |
| సివిల్ దావా | పెద్ద మొత్తం, గట్టి సాక్ష్యం ఉన్నవాళ్ళకు | మామూలుగా 3 ఏళ్ళు, కొన్నిటికి తక్కువ | అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు | ఏళ్ళు పడుతుంది |
| హైకోర్టు రిట్టు | కమిటీయే సంబంధం ఒప్పుకున్న ప్రభుత్వ టీకా కేసులకు | నిర్ణీత గడువు లేదు, ఆలస్యం చేటు | ఫీజు తక్కువ, ప్లీడరు ఖర్చు ఎక్కువ | నిజానిజాలు తేలని కేసును పక్కన పెడతారు |
| ట్రయల్ పరిహారం | ప్రయోగంలో చేరినవాళ్ళకు మాత్రమే | వెంటనే | లేదు | మిగతావాళ్ళకు వర్తించదు |

వినియోగదారుల కమిషన్

డబ్బు కట్టినవాళ్ళకు నేను ముందు చూపించే తలుపు ఇదే. 2019 చట్టంలో ఒక వెసులుబాటు ఉంది, చాలామంది పట్టించుకోరు. ఏ కమిషన్‌కు వెళ్ళాలో, ఎంత ఫీజు కట్టాలో మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, మీరు కట్టిన ధరను బట్టి లెక్క. 2021 మార్చిలో ప్రైవేటు ఆస్పత్రిలో 250 రూపాయలకు కోవిడ్ టీకా వేయించుకున్నవాళ్ళు 40 లక్షలు అడిగినా జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు సున్నా. అందుకే ఆ 250 రూపాయల రసీదు దాచమనేది. మీరు నివసించే చోటే వెయ్యవచ్చు కూడా. మన వైపు కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరులో కమిషన్లున్నాయి.

ఆస్పత్రి మీద వెయ్యాలా, తయారీదారు మీదా? ఈ చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని ఒక అధ్యాయం ఉంది. మందులో లోపం ఉన్నా, హెచ్చరిక సరిగా లేకపోయినా తయారీదారును అడగవచ్చు. కానీ నిపుణులే వాడాల్సిన మందై, వాళ్ళకు తగిన హెచ్చరిక ఇచ్చి ఉంటే తయారీదారు తప్పించుకునే వీలు కూడా అక్కడే ఉంది. టీకా పెట్టెలో ఉండే సన్న అక్షరాల కాగితం సంగతి మీకు తెలుసు. కాబట్టి ఇద్దరినీ చేర్చండి, కానీ బరువు ఆస్పత్రి మీద పెట్టండి. అరగంట కూర్చోబెట్టారా, అలర్జీలు అడిగారా, అడ్రినలిన్ ఎన్ని నిమిషాలకు ఇచ్చారు? కేసు షీటులో వేసే టైములే దీనికి సాక్ష్యం.

మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఆ మూడు నెలల్ని నమ్ముకుని అప్పు చెయ్యకండి.

పర్మనెంట్ లోక్ అదాలత్

దీన్ని అప్పుడప్పుడూ జరిగే మామూలు లోక్ అదాలత్‌తో కలపకండి. మామూలు దాంట్లో రాజీ కుదరకపోతే అంతే సంగతులు. ఇందులో రాజీ కుదరకపోతే వాళ్ళే తీర్పు చెప్పగలరు. 1987 న్యాయసేవల చట్టంలో ఆస్పత్రి, డిస్పెన్సరీ సేవలు కూడా ఇందులోకి వస్తాయి. ఉచిత టీకా అయినా సరే. పరిమితి కోటి రూపాయలు.

రెండు షరతులు గుర్తుంచుకోండి. ఇదే గొడవ మీద ముందే కోర్టులో కేసు వేసి ఉంటే ఇక్కడికి రానివ్వరు. రాజీకి వీల్లేని నేరం కలిసి ఉన్నా ఇది పనికిరాదు. ఎస్సై దగ్గరికి పరిగెత్తే ముందు ఆలోచించమనేది ఇందుకే. అంగన్‌వాడీలో తేడా జరిగిన పేద ఇంటికి, రోజు కూలి పోగొట్టుకుని ఏళ్ళ తరబడి తిరగలేనివాళ్ళకు నా మొదటి సలహా ఇది. డబ్బు తక్కువ రావచ్చు, కానీ బతికుండగా వస్తుంది.

సివిల్ దావా

పుట్టినప్పటి నుంచీ బాగున్న బిడ్డకు జీవితాంతం చూసుకోవాల్సిన వైకల్యం వచ్చి, కమిటీ ఎ3 అని రాస్తే, ఈ దారి దూరమైనా నడవాల్సిందే. ప్రభుత్వ డాక్టరు, నర్సుల నిర్లక్ష్యానికి ప్రభుత్వం బాధ్యురాలని 1996లో అచ్యుత్‌రావు ఖోడ్వా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వం మీద వేసేముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. కోర్టు ఫీజు కట్టలేనివాళ్ళు నిరుపేద దావాగా వెయ్యవచ్చు.

గడువు దగ్గర జాగ్రత్త. మామూలుగా మూడేళ్ళు అంటాం కానీ, మరణం మీద 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద వేస్తే రెండేళ్ళే. చట్టప్రకారం చేసిన పని మీద వేసే కొన్ని దావాలకు ఏడాదే. ఆలస్యాన్ని మన్నించమనే వీలు దావాలకు లేదు, అప్పీళ్ళకే. పిల్లల విషయంలో మాత్రం ఊరట ఉంది. దెబ్బ తిన్నది మైనరైతే సొంత హక్కు మీద వేసే దావాకు గడువు పద్దెనిమిదేళ్ళు నిండాకే పరుగెడుతుంది. అలాగని అప్పటిదాకా ఆగమని చెప్పను. అప్పటికి కేసు షీట్లను చెదలు తింటాయి.

హైకోర్టు రిట్టు

"ఏకంగా హైకోర్టుకే పోదాం" అనే ఉత్సాహం మన వైపు ఎక్కువ. రిట్టు అంటే ప్రభుత్వం మీద నేరుగా హైకోర్టులో వేసే కేసు. అమరావతిలోని నేలపాడు దాకా వెళ్ళి అది వెయ్యడం కష్టం కాదు. కానీ సూది వల్లే జరిగిందా లేదా అనేదే తేలకపోతే "సివిల్ కోర్టుకు వెళ్ళండి" అంటారు. రిట్టు బలం పొందేది ప్రభుత్వ కమిటీ సొంత కాగితంలో ఎ1 అనో, ఎ3 అనో ఉన్నప్పుడు. ఆ కాగితం లేకుండా వెళ్తే ఒక పని మాత్రం అవుతుంది: విచారణ త్వరగా ముగించమని ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. కొందరికి అదే చాలు.

పోలీసు కేసు

నిర్లక్ష్యం వల్ల మరణం అంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106. నిపుణుడైన వేరే డాక్టరు అభిప్రాయం లేకుండా డాక్టరు మీద ముందుకు వెళ్ళకూడదని 2005 నుంచి సుప్రీంకోర్టు చెబుతోంది. శిక్ష పడవచ్చు, డబ్బు రాదు. ఆశా కార్యకర్త మీద, నర్సమ్మ మీద ఊరి కోపమంతా తీర్చుకోవడానికి దీన్ని వాడటం నాకు ఇష్టం ఉండదు. రేపు ఇంకో ఇంట్లో ప్రసవానికి పడవెక్కి వచ్చేది ఆవిడే.

ప్రయోగంలో చేరినవాళ్ళు

మందుల ట్రయల్‌లో చేరి సంతకం పెట్టినవాళ్ళ పరిస్థితి మిగతా అందరికన్నా నయం. 2019 నిబంధనల ప్రకారం ఉచిత వైద్యం, సూత్రం ప్రకారం పరిహారం స్పాన్సరే, అంటే ప్రయోగం చేయించేవాళ్ళే, ఇవ్వాలి. మూల మొత్తం 8 లక్షలు, దాన్ని వయసు గుణకంతో, ప్రమాద గుణకంతో హెచ్చించి 99.37తో భాగిస్తారు. పాతికేళ్ళ ఆరోగ్యవంతుడు ట్రయల్ వల్ల చనిపోతే లెక్క దాదాపు 70 లక్షలకు తేలుతుంది. తప్పు నిరూపించక్కర్లేదు, సంబంధం ఉందని తేలితే చాలు. సమ్మతి పత్రం మీ దగ్గర ఉంచుకోండి. గోదావరి ఎగువన భద్రాచలం, కొత్తగూడెం వైపు 2009లో గిరిజన హాస్టల్ అమ్మాయిలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా వేసిన ప్రాజెక్టులో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. చనిపోయిన అమ్మాయిల మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ అంది. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఎవరి సంతకం ఎక్కడ ఉందన్నది చిన్న విషయం కాదు.

కోవిడ్ నాటి కేసులు

ఇవి వేరుగా చూడాలి. కరోనా వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని గడువు లెక్కలోంచి సుప్రీంకోర్టు తీసేసింది. అయినా 2021లో జరిగినదానికి వినియోగదారుల గడువు 2024 ఫిబ్రవరి చివరికి, మూడేళ్ళ దావా గడువు 2025 ఫిబ్రవరి చివరికి అయిపోయాయి. వినియోగదారుల కమిషన్ తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించగలదు, అది ప్రయత్నించవచ్చు. కోవిడ్ టీకా తర్వాత కూతుళ్ళను పోగొట్టుకున్న తల్లిదండ్రులు 2021లోనే సుప్రీంకోర్టుకు వెళ్ళారు. టీకా ఐచ్ఛికమనీ, పరిహారం కావాలంటే సివిల్ కోర్టు ఉందనీ 2022 నవంబరులో కేంద్రం అఫిడవిట్ వేసింది. ఆ కేసులో తాజా ఉత్తర్వు ఏమిటో ప్లీడరు గారి చేత చదివించుకున్నాకే మీ దారి ఎంచుకోండి.

ఈలోగా ఇల్లు గడవాలిగా

కేసు తేలేదాకా బిడ్డకు మందులు ఆగవు. ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టండి. అది సాయం మాత్రమే, తీసుకున్నంత మాత్రాన కేసు హక్కు పోదు. 40 శాతం పైన వైకల్యం ఉంటే సదరం ధ్రువపత్రం తీసుకోండి. 2024 నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకు 15,000. ఆ ధ్రువపత్రంలోని శాతమే రేపు కోర్టులో పరిహారం లెక్కకూ పనికొస్తుంది. ప్రైవేటు ఆస్పత్రి బిల్లు మాఫీ చేసి "ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు" అన్న కాగితం ముందు పెడితే మాత్రం ఆ రాత్రికి సంతకం పెట్టకండి. ఒక మంచి కుటుంబం నా కళ్ళ ముందే 60,000 బిల్లు కోసం అలా సంతకం పెట్టేసింది.

నన్ను అడిగితే

లంక ఊరి కూలి కుటుంబం, ఉచిత టీకా: పర్మనెంట్ లోక్ అదాలత్, పక్కన సమాచార హక్కు దరఖాస్తు. ఆక్వా చెరువులున్న భీమవరం కుటుంబం, ప్రైవేటు డాక్టరు, రసీదు ఉంది: వినియోగదారుల కమిషన్, ఆలస్యం లేకుండా. ప్రభుత్వ టీకా, కమిటీ కాగితంలో ఎ1: రిట్టు. బిడ్డకు శాశ్వత వైకల్యం, పొరపాటు స్పష్టం: ఏళ్ళు పట్టినా సివిల్ దావా. పొరపాటు ఏమీ కనబడలేదు, కమిటీ 'సి' అంది, వేరే డాక్టరు కూడా అదే అన్నాడు: నేనైతే కేసు వెయ్యమనను. ఆ డబ్బు, ఆ ఓపిక బిడ్డ వైద్యానికి మిగల్చమంటాను. ఈ మాటకు నాతో పోట్లాడి వెళ్ళినవాళ్ళు ఉన్నారు.

ఉచిత ప్లీడరు కోసం దరఖాస్తు అమ్మ పేరు మీద గానీ బిడ్డ పేరు మీద గానీ పెట్టించండి. ఆడవాళ్ళకూ, పిల్లలకూ, ఎస్సీ ఎస్టీలకూ, దివ్యాంగులకూ ఆదాయంతో పని లేకుండా న్యాయసేవా సంస్థ ప్లీడరును ఉచితంగా ఇస్తుంది. 15100కి ఫోను చేస్తే చాలు. నాన్న పేరు మీద పెడితే ఆదాయ ధ్రువపత్రం కోసం సచివాలయం చుట్టూ తిరగాల్సి రావచ్చు. సొంతంగా ప్లీడరును పెట్టుకుంటే, "వచ్చినదాంట్లో ఇంత శాతం" అన్న బేరం ఒప్పుకోవద్దు. యాక్సిడెంట్ కేసుల పుణ్యమా అని మన వైపు అది అలవాటైపోయింది కానీ బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అలా మాట్లాడుకోవడమే తప్పు. ఫీజు ఎంతో, ఎన్ని విడతలో కాగితం మీద రాయించుకుని అప్పుడు వకాల్తా మీద సంతకం పెట్టండి.